మామ డిక్కీకి కొత్త తాళంచెవి

మా మామ పాత ఇంగ్లండు కారు కదలక నాలుగేళ్లయింది. ఎలుకలు దూరవన్న ధీమాతో ఆయన ఒలిచిన వేరుశనగ విత్తనాల మూటలు దాని డిక్కీలో పెట్టి తాళం వేశాడు. నిన్న మంచి వాన పడింది. నేలలో పదను ఆరేలోపు విత్తాలి. పొద్దున చూస్తే తాళంచెవి కనబడలేదు.

"గడ్డపారతో పెకలిద్దాం మామా, పదను పోతాండాది" అన్నాను.

"రేకు సొట్టపోతే బాగుచేసేవాడు యాడుండాడురా? కారంటే ఏమనుకుంటివి" అన్నాడు.

బస్సు డ్రైవరుతో కబురంపి, ధర్మవరం నుంచి తాళాలు చేసే బాషాను పిలిపించాడు. అలాంటి చెవి బజారులో దొరకదట. బాషా ఇత్తడి ముక్కను సాయంత్రం దాకా ఆకురాయితో అరగదీశాడు. ఈలోగా ఎండకు పదను సగం ఆరిపోయింది.

చివరకు డిక్కీ తెరుచుకుంది. లోపల చినిగిన గోనెలు, పిడికెడు పొట్టు. తుప్పు తిన్న అడుగున పెద్ద బొక్క.

"ఎలకలకు బీగం అడ్డం రాల్యా అన్నా" అన్నాడు బాషా.

మామ పొట్టు మీదే డిక్కీ మూసి, తాళం వేసి, కొత్త చెవిని మొలతాడుకు కట్టుకున్నాడు.

మీరూ ఏమైనా ఇంత భద్రంగా దాచి ఉంటే, ఒకసారి తెరిచి చూసి నాకు చెప్పండి.