మేస్త్రి మామ రెండుసార్లు రంగేసిన పక్క

కువైట్‌లో, షువైఖ్‌లోని మా అంగడికి వచ్చేవాళ్లకి మేస్త్రి మామ తెలిసే ఉంటాడు. ఆయన పోయాడు. పన్నెండు రోజుల కిందట, పొద్దున ఇంకా షట్టర్ కూడా ఎత్తలేదు, రిగ్గైలో ఆయనతో పాటు గదిలో ఉండే డ్రైవర్ ఫోన్ చేశాడు. "అన్నా, మామ ఎంత పిల్చినా లేయడంల్యా." నిద్రలోనే గుండె ఆగిందని తర్వాత చెప్పారు.

నాకు ఆయన చుట్టమేమీ కాదు. నేను రంగులు, బంకలు, స్క్రూలు అమ్ముతాను. ఆయన బండ్ల రేకుపని చేసి రంగు వేసేవాడు. ఆయనది రాయచోటి పక్క, మాది కడప. మొదటిరోజే "అల్లుడా, మంచి బ్రష్షు యాడ దాచినావ్?" అన్నాడు. అంతే, అప్పట్నుంచి మామ అయిపోయాడు.

ఆయన ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్, కాన్సిల్ చేసుకుని ఇంటికి పోవడానికి సిద్ధంగా ఉన్నాడు. టికెట్ కూడా తీసుకున్నాడు. బయల్దేరే ముందు ఒప్పుకున్న చివరి పని ఒక పాత క్యాంపర్. పికప్ వెనక కూర్చోబెట్టిన రేకు గది అది, లోపల మంచం, పొయ్యి ఉంటాయి. ఒక కువైటీ పెద్దాయనది. చిన్నప్పుడు వాళ్ల నాన్న చలికాలంలో అందరినీ ఎక్కించుకుని అందులోనే ఎడారికి తీసుకెళ్లేవాడట. బయట అంతా కొత్తగా కావాలి, లైట్లు, నీడకి గుడ్డ పందిరి పెట్టాలి, కానీ పక్కల మీదున్న నారింజ చార మాత్రం పాతది ఎలా ఉందో అలాగే ఉండాలన్నాడు.

మామ మూలల్లో పట్టీలన్నీ ఊడదీసి, ఎండిపోయిన పాత బంక గీకేశాడు. అతుకు వేసిన ప్రతిసారీ తను లోపల కూర్చుని తలుపు మూయించి, మాతో పైనుంచి బకెట్లతో నీళ్లు పోయించేవాడు. "ఇంగా పొయ్యండ్రా, అన్నం తిన్లేదా?" అని లోపలి నుంచి అరుపులు.

"కువైట్‌లో వాన కోసం కాచుకోనుండేది నువ్వొక్కడివే మామా" అన్నాను ఒకసారి.

"రేకుకి మెరుపు ఎవుడైనా తెస్తాడు అల్లుడా. లోపల పండుకున్నోడు తడవకుండా సూడాల, అదీ పని" అన్నాడు.

ఇక రాయడానికి చెయ్యి రాని మాట ఒకటుంది. ఎడమ పక్క ఒక్కటే మిగిలినప్పుడు ఆయన వాడే బంక నా దగ్గర అయిపోయింది. పెట్టె మీద ఏముందో చదవకుండానే వేరే ట్యూబులు ఇచ్చి, "దీని మీద కూడా రంగు పడుతుంది మామా, యల్లా, కానీ" అన్నాను. అది బాత్‌రూముల్లో పూసే సిలికాన్. దాని మీద రంగు నిలవదు. మామ నా మాట నమ్మాడు. రంగు కొట్టాక పక్కంతా చిన్న చిన్న గుంటలు, వాన చినుకులు పడ్డ ఇసకలాగా.

ఆయన వేలితో ఒక గుంట తడిమి, "ఏం పర్వాల్యా. మళ్లీ గీకుదాం" అన్నాడు. ఒక్క తిట్టు లేదు. టికెట్ పదిహేను రోజులు వెనక్కి జరిపించుకున్నాడు. పక్కంతా గీకి, మూడుసార్లు కడిగి, మళ్లీ మొదట్నుంచి. చివరి కోటు వేసిన మరుసటి పొద్దునే ఆ ఫోన్ వచ్చింది.

పాత టికెట్ మీదే పోయుంటే ఆ పొద్దున ఆయన ఇంట్లో ఉండేవాడు. ఆయుష్షు అంతే రాసుందని అందరూ అంటున్నారు. నేను మాత్రం ఆ మాట అనలేకపోతున్నాను.

మొన్న ఊరినుంచి అత్త, అంటే మామ భార్య, వీడియో కాల్ చేసింది. "నాయనా, ఆ బండేదో ఒకసారి సూపీ. ఆయప్ప, 'నేనే పని సరిగ్గా చేయలేదు, అందుకే నిలబడిపోయినా' అన్న్యాడు నాతో."

తప్పు తన మీద వేసుకున్నాడు ఆ మనిషి. "మామ తప్పు కాదత్తా. బంక ఇచ్చింది నేను. తప్పు నాది" అని మొత్తం చెప్పేశాను. ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను.

"ఆయప్ప మళ్లీ చేసిన పక్క ఏది?" అంది.

చూపించాను. తెల్లటి రేకు, మధ్యలో చార, ఎక్కడా వంకర లేదు.

"ఇంగా దగ్గరికి పట్టు నాయనా."

చారకి ఆనించినంత దగ్గరగా పట్టుకున్నాను. అంత దగ్గర నుంచి చూస్తే ఆమెకి కనబడేది నారింజ రంగు ఒక్కటే. అయినా తియ్యమనలేదు. చెయ్యి లాగుతున్నా అలాగే నిలబడ్డాను, ఆమె చూస్తూనే ఉంది.