మ్యా మ్యా గారి రాతి ఎలుగు

బర్మాలో, పజుండౌంగ్ కాలువ పక్క సందులో రాధాకుమారికి చిన్న రాతిపని కొట్టు ఉంది. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. నందులు, అమ్మవారి విగ్రహాలు, గుమ్మాల ముందు పెట్టుకునే సింహాలు చెక్కుతుంది. భర్త కన్నారావు పొద్దున్నే బస్సెక్కి తన్లిన్ రేవులో పనికి వెళ్లిపోతే, ఇక కొట్లో ఆమె, పాలరాయి. కరెంటు ఉంటే డ్రిల్లు, లేకపోతే ఉలి.

మార్చిలో భూమి కంపించిన కొద్ది రోజులకు, సంచౌంగ్ పేట నుంచి మ్యా మ్యా వచ్చింది. ఆమె తండ్రి తెలుగువాడు, తల్లి బర్మా మనిషి. బర్మా పద్ధతిలో ఆడవాళ్ల పేరు ముందు మర్యాదకు 'మ' చేర్చి పిలుస్తుంది. ఒళ్లో తువ్వాలు మూట విప్పి బల్ల మీద పెట్టింది. లోపల ముదురాకుపచ్చ రాతి ఎలుగుబంటి, దాని నోటి దగ్గర నుంచి విరిగిపోయిన చిన్న జంతువు.

"బీరువా మీంచి పడిపోనాది, మ రాధా. మా హరి తెచ్చేడు. కెనడాలో ఎక్కడో మంచు రేవంట. అక్కడి ఇన్యూట్ జాతి తాత సెక్కేడంట."

హరి ఆమె ఒక్కగానొక్క కొడుకు, సరుకుల ఓడలో పనిచేస్తాడు. ఓడ, దాడులు జరుగుతున్న ఎర్ర సముద్రం వైపు వెళ్తోందని చెప్పి ఫోను పెట్టేశాడు. ఆ మర్నాడే భూకంపం. అప్పటి నుంచి అతని నుంచి కబురు లేదు.

"తల్లి ఎలుగు పిల్లని నోట కరుసుకుని తీస్కెల్తంది. పిల్లి తీస్కెల్లినట్టు," అంది మ్యా మ్యా, విరిగిన ముక్కను వేలితో నిమురుతూ. "ఇప్పుడు సూడు, పిల్ల జారిపోనాది. బేగి అతికించీ అమ్మా."

రాధాకుమారి కాదనలేకపోయింది. కానీ ఆమె వెళ్లిపోయాక రాయి మీద గోరు పెట్టి గీస్తే పిండి రాలింది. బలపంలా మెత్తన. తన చేతికి అలవాటైన రాయి కాదు. లోపల సన్నటి ఇనప ఊచ పెట్టి అతికించాలని రెండు ముక్కలకూ గుర్తు పెట్టుకుంది. డ్రిల్లు ఆనించీ ఆనించగానే ఎలుగు కింది పెదవి పెచ్చులా ఊడి కింద పడింది.

యంత్రం ఆపేసి, రాయిని తువ్వాల్లో చుట్టి, మళ్లీ విప్పి చూసింది. ఆ రోజు ఇక దాన్ని ముట్టుకోలేదు. ఆ సాయంత్రం అన్నం కలుపుతూ ఆగిపోతే కన్నారావు అడిగాడు.

"ఏటైంది?"

"ఆవిడికి ఏం మొహం సూపించను? కొడుకు జాడ నేదు, నాను దీన్ని ఇంకా ఇరగ్గొట్టీసేను."

"సెప్పీ. దాస్తే ఇంకా బయం."

మర్నాడు దుమ్ము పోవడానికి ముక్కలను తడిగుడ్డతో తుడిచింది. అప్పుడు చూసింది. చిన్నదానికి కాళ్లు లేవు. వెనక చేపతోకలాంటిది చీలి ఉంది, మూతి మీద మీసాల గీతలు. ఊడిన పెచ్చు లోపలి వైపు ఎలుగు పళ్లు వరసగా, చిన్నదాని ఒంట్లోకి దిగేలా చెక్కి ఉన్నాయి. అది పిల్ల కాదు. వేట.

పెదవి ఎలాగూ తనే సరిచేయాలి. పళ్ల గీతలు గరుకు కాగితంతో అరగదీస్తే మ్యా మ్యాకు ఎప్పటికీ తెలియదు. కాగితం చేతిలోకి తీసుకుంది. ఆ మంచుదేశపు ముసలాయన ఒక్కొక్క పన్నునూ ఎంత ఓపికగా గీశాడో చూసి, పక్కన పెట్టేసింది. డ్రిల్లు ముట్టకుండా, చేత్తోనే సన్నటి చిల్లులు పెట్టి అతికించింది.

మ్యా మ్యా వచ్చినప్పుడు పెదవి సంగతి ముందు చెప్పింది. తర్వాత పళ్లు చూపించింది.

మ్యా మ్యా పళ్ల మీద వేలు పెట్టి, వెనక్కి తీసుకుంది. "దీనికా నాను రోజూ దండం పెట్టుకున్నాను," అంది. "నా ఇంట్లో వద్దు. హరి మాటాడేదాకా నీ కాడే ఉండనీ."

అలా ఆ బెంగ రాధాకుమారి కొట్లోకి వచ్చి కూర్చుంది. సందులో ఎవరు ఆగినా ఉలి ఆపేసేది. ఫోను మోగితే చేతులు తుడుచుకోకుండానే ఎత్తేది. నిజం చెప్పకుండా ఉండాల్సిందేమో అని రోజూ అనుకునేది. ఎలుగు మొహం గోడవైపు తిప్పింది, మళ్లీ పాపమనిపించి ఇటు తిప్పింది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం మ్యా మ్యా తడుస్తూ వచ్చి, ఫోను రాధాకుమారి చేతిలో పెట్టింది. హరి గొంతు తెగుతూ వినిపించింది. ఓడ ఆ దారి వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగిందట, మధ్యలో ఇంజను చెడి నడిసముద్రంలో ఆగిపోయారట.

"మ రాధా, అమ్మ అంతా సెప్పింది. అది సీల్. సేప కాదు, మంచు నీళ్లలో ఉండే జంతువే. అమ్మకి అప్పుడే సెప్పేను, ఇన్లేదు. ఆ తాత నవ్వేడు కూడా. ఎలుగుకి ఆకలేస్తే ఏటి తింటాది మరి?"

రాధాకుమారి ఫోను తిరిగిచ్చి, ఎలుగును తెచ్చి బల్ల మీద పెట్టింది. మ్యా మ్యా కళ్లు తుడుచుకుంది, కానీ మొహం తేటపడలేదు.

"తిరిగొచ్చేది మళ్లీ ఆ నీళ్ల మీంచేగా," అంది.

ఎలుగును తువ్వాల్లో చుట్టుకుని, రిక్షా ఎక్కే ముందు మూట తడిమి చూసింది.

"అతుకు ఊడదు కదా?"

"ఊడదక్కా. దెబ్బ తగలనీకు."

"మళ్లీ బూమి కదిల్తే?"

రాధాకుమారి తువ్వాలు ముడి ఇంకాస్త బిగించింది. "బీరువా మీద పెట్టకు, నేల మీద పెట్టు," అంది.