గృహప్రవేశం పిల్లి

మా బిష్కెక్ అపార్టుమెంట్లలో బుర్మాకాన్ అక్క నోరంటే అందరికీ హడల్. చెత్తకుండీల దగ్గర పారేసిన పిల్లికూనల్ని తెచ్చి, పాలు పట్టి పెంచుతుంది. అడగవచ్చినవాళ్లను నిలదీశాకే ఇస్తుంది. మా దగ్గర కొత్తింట్లోకి ముందు పిల్లి అడుగుపెట్టాలి, తర్వాతే మనుషులు.

నిరుడు అందుకే ఒక కూనను తీసుకెళ్లిన తాలయ్, నిన్న నేను అక్క ఇంట్లో ఉండగానే మళ్లీ వచ్చాడు.

"అక్కా, మావాడు ఇల్లు కొన్నాడు. ఇంకో కూననివ్వు."

"నిరుడు ఇచ్చింది ఏదిరా?"

"సోఫా గీకేస్తోందని వదిలేశామక్కా. దాని పని అయిపోయిందిగా!"

అంతలో ఒక బూడిదరంగు పిల్లి గదిలోకి వచ్చి, అతన్ని చూడగానే మంచం కిందికి దూరింది.

"అదివ్వు, ముచ్చటగా ఉంది."

"నువ్వు వదిలేసింది అదేరా! నీకు గుర్తులేదు, దానికుంది. గడప దాటడానికేగా నీకు పిల్లి? ముందు నువ్వు నా గడప దాటు!"