మాస్టారి ఎడమ డిప్ప

ఆయన్ని పాముచెవుల మాస్టారు అనేవాళ్ళు. ఆ పేరు ఏ బ్యాచివాళ్ళు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, ఆయనకు మాత్రం ఆ పేరంటే పంచప్రాణాలు. ఎవరైనా ఎదురుగా అంటే "ఏడిశారు, పని చూసుకోండి" అని కసిరేవాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, ఆ మాట భార్యకు చెప్పేదాకా చెప్పులు కూడా విడిచేవాడు కాదు.

ఆయన పని తుపాకి కాల్చడం నేర్పడం. బ్యాంకులకూ పెద్ద పెద్ద కార్యాలయాలకూ కాపలా వెళ్ళే దళాల శిక్షణ కేంద్రం అది. దాని నేలమాళిగ మొత్తం ఒకటే పొడుగాటి గది. నాలుగు పక్కలా కాంక్రీటు. ఆ చివర కాగితం బొమ్మలు, వాటి వెనక గుళ్ళను మింగే రబ్బరు గోడ. ఈ చివర ఆరు గళ్ళు, గడికీ గడికీ మధ్య చెక్క అడ్డు. ఆ గళ్ళ వెనక, మెడలో మైకు తగిలించుకుని, ఇరవయ్యారేళ్ళు అటూ ఇటూ నడిచాడాయన. నడిచిన మేర నేల మీద రంగు పోయి చార పడింది. కొత్తగా వచ్చినవాళ్ళకు పాతవాళ్ళు ఆ చార చూపించి, "ఇది మాస్టారి రోడ్డు, అడ్డం నిలబడకండి" అని చెప్పేవాళ్ళు.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఆ పేరు ఊరికే రాలేదు. ఆరుగురు ఒకేసారి కాలుస్తుంటే ఈయన వీపు తిప్పుకుని నిలబడి, "నాలుగో గడి, నీ స్ప్రింగు వదులైంది, దించు" అనేవాడు. విప్పి చూస్తే నిజంగానే వదులై ఉండేది. అన్నిటికంటే ముఖ్యం తుస్సు తూటా. వేలల్లో ఏదో ఒక తూటాలో మందు తక్కువ పడుతుంది. అది పేలుతుంది గానీ, గుండును బయటికి తోసే బలం దానికి ఉండదు. గుండు వచ్చి గొట్టం మధ్యలో కూర్చుంటుంది. ఆ సంగతి తెలియక దాని వెనకే ఇంకో తూటా కాల్చారా, గొట్టం మొహం మీదే పగులుతుంది. దాన్ని పట్టుకోవడానికి ఉండేది ఒక్క క్షణం. ఢామ్మనాల్సింది టప్పుమంటుంది, అంతే. మిగతా అయిదు తుపాకుల మోతలోంచి ఆ టప్పును ఏరి పట్టుకుని, ఆపమని అరిచి, ముగ్గుర్ని కాపాడాడు మాస్టారు. వాళ్ళలో ఒకతను ఇప్పటికీ ఏటా ఫోన్ చేసి, "మీరు మిగిల్చిన మొహంతోనే మాట్లాడుతున్నా మాస్టారూ" అంటాడు.

ఆ టప్పు కోసమే ఆయన ఒక అలవాటు చేసుకున్నాడు. గదిలో అడుగుపెట్టే ప్రతివాళ్ళూ చెవిలో మెత్తటి ప్లగ్గు దూర్చుకుని, దానిపైన చెవి మొత్తం మూసే డిప్పలు పెట్టుకోవాలి. ఎవరి ప్లగ్గయినా సరిగా దూరలేదో, మాస్టారు ఇంతెత్తున లేచేవాడు. తనే దాన్ని వేళ్ళతో నలిపి, చెవి పైకి లాగి, ఎలా పెట్టుకోవాలో చూపించేవాడు. మరి ఆయన? ప్లగ్గు లేదు. కుడి డిప్ప చెవి మీద, ఎడమ డిప్ప చెవి వెనక. అదేమిటని అడిగితే, "నేనూ మూసుకుంటే తుస్సు తూటా మీ తాతొచ్చి వింటాడా?" అనేవాడు. ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

పొడుగు తుపాకుల కాలంలో ఎలాగో నెట్టుకొచ్చాడు. అయిదేళ్ళ కిందట పొట్టివి వచ్చాయి. వ్యాన్లలో, లిఫ్టుల్లో, ఇరుకు నడవల్లో తిప్పుకోవడానికి వీలుగా గొట్టం సగానికి కోసినట్టు చేసిన రైఫిళ్ళు. చూడ్డానికి ముద్దుగానే ఉన్నాయి. పేల్చాక తెలిసింది వాటి సంగతి. గొట్టం పొట్టిది కాబట్టి లోపల మందు పూర్తిగా కాలకముందే గుండు బయటపడుతుంది. మిగిలిన మందు గొట్టం మూతి దగ్గర భగ్గుమంటుంది. ఆ మూతి కూడా ఇదివరకటికంటే మనిషి చెవికి బాగా దగ్గర. ఆరుబయటైతే ఆ మోత ఎటో పోయేది. ఇక్కడ ఎటు పోతుంది? గోడలూ కప్పూ నేలా అన్నీ కలిసి దాన్ని తిరగ్గొడతాయి. పక్క గడిలో ఉన్నవాడికి చెంప మీద గాలి కొట్టేది. కొందరు పళ్ళు జివ్వుమంటున్నాయనేవాళ్ళు.

నెల తిరక్కుండా పైనుంచి కాగితం వచ్చింది. పొట్టి రైఫిళ్ళు కాల్చేటప్పుడు శిక్షకులతో సహా అందరూ ప్లగ్గూ డిప్పా రెండూ పెట్టుకోవాలి, గంటల తరబడి ఆ గదిలో ఉండకూడదు, ఏడాదికోసారి వినికిడి పరీక్ష చేయించుకోవాలి. మాస్టారు ఆ కాగితానికి అద్దం కట్టించి తలుపు పక్కన తగిలించాడు. ప్రతి బ్యాచి చేతా గట్టిగా చదివించాడు. "శిక్షకులతో సహా" అన్న చోటికి వచ్చేసరికి మాత్రం ఆయనకు దగ్గు వచ్చేది.

ఇక ఇంట్లో ఫ్రిజ్జు సంగతి. భార్య బట్టలు కుట్టి, సొంత సంపాదనతో, మోజుపడి కొనుక్కున్న ఫ్రిజ్జు అది. మూడేళ్ళ కిందట ఒక రోజు మాస్టారు అది జీమని ఒకటే మోత పెడుతోందని విసుక్కున్నాడు. ఆవిడకేమీ వినపడలేదు. సరే, మెకానిక్కును పిలిపించారు. అతను వెనక రేకు విప్పి, చెవి ఆనించి, అటూ ఇటూ కదిపి, ఆఖరికి వైరు పీకేసి, "ఇప్పుడు చూడండి సార్" అన్నాడు. అదిగో, ఇంకా వస్తోంది కదా అన్నాడు మాస్టారు. మెకానిక్కు ఆవిడ వంక చూశాడు. ఆవిడ మెకానిక్కు వంక చూసింది. ఆ నెలలోనే ఆ ఫ్రిజ్జును మరదలి ఇంటికి పంపించేసి కొత్తది తెచ్చాడు. కొత్తదీ జీమంది. ఈ కాలపు సరుకంతా ఇంతేనని తేల్చేశాడు. మరదలు మాత్రం కనపడ్డప్పుడల్లా ఫ్రిజ్జు బంగారం బావగారూ, ఇంట్లో ఉందో లేదో కూడా తెలియదు అని మెచ్చుకునేది. ఈయన వెంటనే మాట మార్చేవాడు.

ఆయనకు తెలియదా అంటే, తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండడం మనిషికి ఎంత సులువో! మగ గొంతులు బాగానే అందేవి. భార్యది సన్నటి గొంతు. ఆవిడ మాటల చివర్లు కత్తెరతో కత్తిరించినట్టు వినపడేవి. ఏమన్నావని అడగడానికి పౌరుషం అడ్డొచ్చేది. పాముచెవులాయన పెళ్ళాన్ని పట్టుకుని "ఆఁ? ఏమిటీ?" అంటాడా? తల ఊపేసేవాడు. ఒకసారి ఆవిడ తన చెల్లెల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, మీరు వస్తారా అని అడిగితే అలాగే ఊపేసి, ఆ రోజు హాయిగా డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు. మాట్లాడటం లేదని ఈయనకు తెలియడానికే మూడు రోజులు పట్టింది.

మరి పరీక్షల్లో ఎలా నెగ్గుకొచ్చాడంటారా? అదే చెప్పబోతున్నా. పరీక్ష చేసేది ఒక ఇరుకు గదిలో. కుర్చీ, చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో బొత్తాం. కూత వినపడ్డప్పుడల్లా నొక్కాలి. అద్దం అవతల పరీక్ష చేసే అమ్మాయి కూర్చుంటుంది. ఆమె మీట నొక్కిన ప్రతిసారీ కుడి భుజం రవ్వంత కదిలేది. మాస్టారు దాన్ని మొదటి ఏడాదే కనిపెట్టాడు. గురి మీద కన్ను నిలపడం ఆయనకు ఒకరు నేర్పాలా? భుజం కదలగానే బొత్తాం. నాలుగేళ్ళు నిక్షేపంగా పాసయ్యాడు. మీ వయసుకి ఈ చెవులు అద్భుతం అని ఆ అమ్మాయి మెచ్చుకుంటే, సిగ్గులేకుండా మీసం సవరించుకున్నాడు.

పరీక్ష తప్పితే స్టోర్సులో కుర్చీ వేస్తారు. జీతానికేమీ లోటు రాదు. కానీ ఆ చార మీద ఇంకెవరో నడుస్తారు. వాళ్ళకు టప్పు వినపడుతుందా? తను లేని రోజున ఎవరో ఒకరి మొహం పోతుందని ఆయన నిజంగానే నమ్మాడు. అబద్ధమాడేవాడికి అంత మంచి కారణం దొరికితే ఇక ఆపేదెవరు?

ఈ ఏడు పరీక్ష గురువారం పడింది. బుధవారం పొద్దున కొత్త బ్యాచి పొట్టి రైఫిళ్ళతో మొదటిసారి లైనులో నిలబడింది. రెండో గడిలో ఉన్నది ఒక పొడుగమ్మాయి. మాట తక్కువ, శ్రద్ధ ఎక్కువ. కిందటి వారం మాస్టారు ఆమె చేత రెండుసార్లు ప్లగ్గు పీకించి మళ్ళీ పెట్టించాడు, ఆమె ఒక్కసారి కూడా మొహం ముడుచుకోలేదు.

కాల్పులు మొదలయ్యాయి. కాసేపటికి రెండో గడి ఆగిపోయింది. ఆ అమ్మాయి ట్రిగ్గరు మీంచి వేలు తీసి, తుపాకి బొమ్మ వైపే ఉంచి, ఎడమ చెయ్యి పైకెత్తింది. మాస్టారు వెనక నుంచే చూశాడు. తూటా ఇరుక్కుని, దాన్ని లోపలికి తోసే బోల్టు ఆగింది కాబోలు, రోజూ ఉండేదే కదా అనుకున్నాడు. ఆయన చెవికి టప్పు చేరలేదు. తేడా వచ్చిందన్న అనుమానం కూడా రాలేదు.

"రెండో గడి, బోల్టు లాగి కాల్చు" అన్నాడు మైకులో.

ఆ అమ్మాయి తల తిప్పి ఏదో చెప్పింది. పెదాలు కదలడం కనపడింది. మాస్టారు ఇంట్లో ఊపినట్టే తల ఊపాడు. ఊపి, మళ్ళీ అదే మాట అన్నాడు.

"లాగి కాల్చు."

ఆమె కదల్లేదు. మాస్టారికి కోపం నషాళానికి అంటింది. ఇరవయ్యారేళ్ళలో ఆ గదిలో ఆయన మాట కాదన్నవాళ్ళు లేరు. మిగతా అయిదుగురినీ ఆపించి, తుపాకులు దింపించి, గబగబా రెండో గడిలోకి వెళ్ళి, నా మాట వినపడలేదా నీకు అని గద్దించాడు. ఆమె ఈసారి గట్టిగా, మాట మాటా విడదీసి చెప్పింది.

"వినపడింది మాస్టారూ. కాల్చను. ఇందాక పేలినప్పుడు తుపాకి వెనక్కి తన్నలేదు, భుజానికి దెబ్బ తగల్లేదు."

ఆయన రైఫిలు లాక్కున్నాడు. తూటాల పెట్టె తీసేసి, బోల్టు తెరిచి, తుడిచే చువ్వను గొట్టం మూతిలోంచి లోపలికి దింపాడు. చువ్వ బెత్తెడు దిగి ఆగిపోయింది. నొక్కాడు. దిగలేదు. తీసి మళ్ళీ పెట్టాడు, మళ్ళీ అక్కడే ఆగింది. గుండు లోపలే కూర్చుని ఉంది.

మాస్టారు చువ్వను అలాగే వదిలేశాడు. ఆ అమ్మాయి మొహం వంక చూశాడు. నుదుటి మీద చెమట, ముక్కు పక్కన చిన్న మచ్చ, భయపడుతూనే రెప్ప వేయని కళ్ళు. ఈ మొహం మీద పేల్చమని తనే చెప్పాడు, అదీ రెండుసార్లు. భుజం సంగతి నీకెవరు చెప్పారని అడిగాడు.

"మీరే చెప్పారుగా మాస్టారూ, మొదటి రోజు. చెవులు మూసుకున్నా భుజం మూతపడదు, దాన్ని నమ్ముకోండి అన్నారు."

అన్నాడు. ఇరవయ్యారేళ్ళుగా ప్రతి బ్యాచికీ అంటూనే ఉన్నాడు. వాళ్ళు నమ్మారు, తనే నమ్మలేదు. నమ్మి ఉంటే ఎడమ డిప్ప ఎందుకు వెనక్కి పెట్టుకుంటాడు? ఎవరి ప్రాణాల కోసమని చెవి పోగొట్టుకున్నాడో, వాళ్ళలో ఒకరి ప్రాణం మీదికి ఆ చెవే తెచ్చింది. ఆరుగురినీ దగ్గరికి పిలిచి, గొట్టంలో ఆగిన చువ్వ చూపించాడు. ఇది తుస్సు తూటా, నాకు వినపడలేదు, ఈ అమ్మాయి నా మాట వినకపోబట్టి బతికింది అని చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

గురువారం పరీక్ష గదిలోకి వెళ్ళగానే కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. పరీక్ష చేసే అమ్మాయి ఇటు తిరగమంది. ఇలాగే చెయ్యమ్మా అన్నాడు. తలుపు మూసుకుంది. కుడి చెవి పరవాలేదనిపించింది, అక్కడక్కడా తప్పినా. తర్వాత ఎడమ చెవి. మొదట్లో బొంగురు కూతలు నాలుగైదు వచ్చాయి, నొక్కాడు. ఆ తర్వాత ఏమీ లేదు. ఎదురుగా గోడకు అంటించిన స్పాంజిలో చిల్లులు లెక్కపెట్టాడు. ఫ్రిజ్జు మీద నేరం మోపిన ఆ జీ శబ్దం తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టుంది. అమ్మాయి టీకి వెళ్ళిందేమో, మిషను ఆగిపోయిందేమో అనుకున్నాడు. బొటనవేలు మాత్రం బొత్తాం మీంచి తీయలేదు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

"ఎడమ చెవిది ఎప్పుడు కానిస్తావమ్మా? నాలుగు కూతలేసి ఆపేశావు."

"అయిపోయింది మాస్టారూ" అందా అమ్మాయి.

ఆమె చేతిలో కాగితం మీద గీత కొంత దూరం తిన్నగా వచ్చి, నూతిలోకి దిగినట్టు దిగిపోయింది. పోయిన ఏడాది ఇలా లేదే అని ఆమె అంటుంటే, పోయిన ఏడాది నీ భుజం చూసి నొక్కానమ్మా అని ఒప్పేసుకున్నాడు. ఆమె కలం తీసి, రాయాల్సింది రాసింది. స్టోర్సుకు పంపే కాగితం అది. రేపటినుంచి ఆ చార ఇంకొకరిది.

మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాడు. భార్య కుట్టుమిషను ముందు ఉంది. ఈయన గుమ్మంలోనే, చెప్పులతోనే నిలబడ్డాడు. ఇవాళ చెప్పుకోవడానికి పొగడ్త ఏమీ లేదు.

"నీ ఫ్రిజ్జు మంచిదేనే. మోత నా చెవిది. నీ వస్తువు అన్యాయంగా పంపించేశాను" అన్నాడు.

మిషను ఆగింది. ఆవిడ ఆయన వంక చూసి ఏదో అంది. మాస్టారి తల అలవాటు కొద్దీ ఊగబోయింది. పట్టి ఆపుకున్నాడు.

"వినపడలేదు. మళ్ళీ చెప్పు."

పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట ఆవిడ వినలేదు. లేచి, కుడుతున్న బట్ట పక్కన పెట్టి, చుట్టూ తిరిగి ఆయన కుడి పక్కకు వచ్చి నిలబడింది.

"ముందు చెప్పులు విప్పి లోపలికి రండి, అన్నాను."