నక్షత్రం లేని పెండ్లికొడుకు

మొన్న జనగామలో, కంప్యూటరు ఉద్యోగం చేసే మా మనవరాలు తెలిసినవాళ్ల పెండ్లి సంబంధాలన్నీ ఒక డేటాబేసులో పెట్టింది. ఒక అమ్మాయి నక్షత్రానికి పొసగే పిలగాండ్లను అడిగితే కొందరొచ్చారు, పొసగనివాళ్లను అడిగితే ఇంకొందరొచ్చారు. నక్షత్రం గడి ఖాళీగా ఉన్నవాళ్లు మాత్రం రెంటిలోనూ లేరు! నాకు ఒళ్లు మండింది. నక్షత్రం తెలియనంత మాత్రాన మనిషే లేకుండా పోతాడా?

"జర ఆగు తాతా, ఖాళీని దేనితోటి పోల్చినా అవునూ రాదు, కాదూ రాదు. నక్షత్రం లేకుంటే పేరు మొదటి అక్షరంతోటి పేరుబలం చూడమని ఒక్క మాట చెప్తే సరి" అంటూ ఆ మాట చేర్చింది. తప్పిపోయినవాళ్లంతా వచ్చేశారు.

నా కోపం ఎటు పోయిందో, పడీపడీ నవ్వాను. నా పెండ్లి అయింది ఆ ఒక్క మాటతోనే మరి.

అప్పట్లో నేను తొర్రూరు కిరాణా కొట్టులో పనిచేస్తూ, పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకుంటున్నవాణ్ని. కురవి దగ్గర ఒక పిల్లను చూసొచ్చి, చేసుకుంటే ఆమెనే అని మా అమ్మకు తెగేసి చెప్పాను. తీరా మాటముచ్చటకు వచ్చిన పిల్ల తండ్రి నా నక్షత్రం అడిగితే, నాట్లప్పుడు ముసురులో పుట్టానన్నది తప్ప మా అమ్మకేమీ తెలియదు. పంచాంగం చూసే అయ్యగారు కుదిరిందనీ అనలేదు, కుదరలేదనీ అనలేదు. నక్షత్రం లేనోనికి పిల్లనెట్ల ఇస్తమని కాబోయే మామ లేవబోయాడట. పేరును బట్టి చూస్తే, సర్కారు కాగితాల్లో నాకున్న రాజయ్య అనే పేరుకు పొంతన లేదు.

ఇదంతా తర్వాత విన్నదే సుమా! పొద్దున్నే లారీ సరుకు దింపొచ్చిన నేను అరుగు మీద గుర్రుపెడుతున్నాను.

అప్పుడు వాళ్ల వెంట వచ్చిన పిల్ల నాయినమ్మ అందుకుంది: "నిద్రల ఏ పేరుకు లేస్తడో గదే అసలు పేరు. పిలిచి చూడుర్రి." శాస్త్రమూ అదేనన్నాడు అయ్యగారు. మామ గొంతు చించుకుని రాజయ్యా అని పిలిస్తే నేను కదలలేదు. మా అమ్మ గడపలోంచి మెల్లగా "చిన్నోడా" అన్నదో లేదో, "ఏందవ్వా?" అంటూ ఎగిరి కూచున్నాను. ఇల్లంతా ఘొల్లుమన్నది. చి అక్షరమంటే రేవతి నక్షత్రం. రేవతికి పొంతన దివ్యంగా కుదిరింది!

ఇప్పుడు పిల్లలు దవాఖానలో పుడుతున్నారు, నిమిషంతో సహా రాసిస్తున్నారు, మంచిదే. కానీ సంబంధానికి వచ్చినవాళ్లు, మీ పిలగాడు ఎవరు పిలిస్తే, ఎట్ల పిలిస్తే నిద్ర లేస్తాడని అడగడం నేను విని ఎన్నేండ్లయిందో.