కళ్ళు కల్లయిన కార్డు

అహోబిలం నరసింహస్వామి మీద ఒట్టేసి రాస్తున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

పందొమ్మిది వందల యాభైలలో కర్నూలులో ఒక కాలేజీ లైబ్రరీలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. పుస్తకాల పేర్లు కార్డుల మీద రాసే పని ఒక పెద్దాయనది. ఆయన గుండ్రటి తెలుగు అక్షరాలు చూడటానికే కొందరు కార్డుల సొరుగులు లాగేవారు. ఇంతలో ఇంగ్లీషు టైపు మిషన్ వచ్చింది. నాకు టైపు వచ్చు కనుక కార్డుల పని నాకిచ్చి, పెద్దాయనను పుస్తకాలకు అట్టలు వేయడానికి కూర్చోబెట్టారు. తెలుగు పేర్లు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

కంటి జబ్బుల మీద ‘కళ్ళు’ అని ఒక పుస్తకం వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో కళ్ళూ కల్లూ ఒకటే. నా కార్డు చూసి దాన్ని తాగుడు మాన్పించే పుస్తకాల వరసలో పెట్టేశారు.

పెద్దాయన దాన్ని పట్టుకొచ్చి, "ఏమప్పా, నీ మిషను కంట్లో కల్లు పోసిందే" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"తెలుగు కార్డులన్నా నన్ను రాయనీమని సారుకు ఒక మాట చెప్పప్పా. అట్టలేస్తాండా గానీ మనసు ఈడ లేదు."

వెంటనే పోయి లైబ్రేరియన్ గారితో వాదించాను. నేను బల్ల గుద్దితే సిరాబుడ్డి ఎగిరిపడింది. అయినా ఆయన ఒప్పుకోలేదు.

ఇక దాచలేను. సిరాబుడ్డి ఎగరలేదు, నేను లైబ్రేరియన్ గారి గదిలోకే పోలేదు. టకటకమనే ఆ మిషన్ మీద మోజుతో కదలకుండా కూర్చున్నాను. పెద్దాయనకు మాత్రం ఆ బల్ల గుద్దిన కథే చెప్పాను.

"నా కోసరం అంత కొట్లాడినావా, అది చాలప్పా" అన్నాడాయన.