మూడు గుంతలు, నలభై ఏడు తేనెటీగలు

శనివారం పొద్దున్నే బల్గాసిమ్ మేస్త్రీ టైల్స్ వేయడానికి వస్తాడు. ఈలోగా లోపలి వాకిట్లో ఏ మొక్క ఎక్కడ ఉండాలో హనేన్ తేల్చుకోవాలి. ట్యునీషియా తీరాన ఈ నాబుల్ ఊళ్లో పద్ధతి అంతే. వాకిలంతా పలకలు పరిచేస్తారు, మొక్కల కోసం చదరంగా గుంతలు వదిలేస్తారు. పలక ఒకసారి అతుక్కున్నాక మళ్లీ పగలగొట్టి చెట్టు పెట్టుకోవడం జరిగే పని కాదు.

"మూడు వదుల్తానమ్మా. నాలుగోది మాత్రం అడగొద్దు. నాలుగైతే అది వాకిలి కాదు, జల్లెడ," అని మేస్త్రీ ముందే చెప్పేశాడు.

మూడు! ఆ మాట విన్నప్పటి నుంచి హనేన్‌కి తిండి సహించడం లేదు, నిద్ర పట్టడం లేదు. దిగులుతో కాదు, సంబరంతో. ఆమె నోట్‌బుక్‌లో ముప్ఫై రెండు మొక్కల పేర్లున్నాయి.

ఆమె పుట్టి పెరిగింది ట్యూనిస్‌లో, నాలుగో అంతస్తులో. తండ్రి సిటీ బస్సు డ్రైవరు. ఆ ఇంటి బాల్కనీ ఇస్త్రీ బల్లంత ఉండేది. తల్లి ఖాళీ టమాటా డబ్బాల్లో తులసి లాంటి వాసన మొక్కలు రెండు పెంచేది. ఆ రెండింటి ఆకులు తొమ్మిదేళ్ల హనేన్ రోజూ లెక్కపెట్టి గోడ మీద పెన్సిల్‌తో రాసేది. గోడ పాడు చేసినందుకు దెబ్బలు తిని, మర్నాడు తలుపు వెనకాల రాసేది. తర్వాత కెమిస్ట్రీ చదివింది. ఇప్పుడు ఊరి చివర హరీసా ఫ్యాక్టరీ లేబొరేటరీలో పని. మిరపకాయల ముద్దలో పులుపెంత, ఉప్పెంత అని పొద్దుగూకే దాకా కొలవడమే. ఇంటికి రాగానే మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంటే గాని కూతురు ఈనాస్‌ని ఎత్తుకోదు.

ఎనిమిదేళ్లు అద్దె గదుల్లో ఉన్నాక కొనుక్కున్న పాత ఇల్లు ఇది. వాకిలి అడ్డం ఐదడుగులు వేస్తే అయిపోతుంది, నిలువు ఏడు. పైన ఆకాశం. కింద మట్టి, నిజమైన మట్టి! తాళాలు చేతికొచ్చిన రోజు హనేన్ చెప్పులు విప్పేసి ఆ మట్టిలో నిలబడి నవ్వుతూ ఉండిపోయింది. భర్త అనీస్ పింగాణీ పలకల మీద రంగులద్దే పనివాడు. వాకిట్లో వేసేవి అతను స్వయంగా పూలు గీసి కాల్చిన పలకలే.

"నేను గీసిన పూలున్నాయిగా! నీళ్లు పోయక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు. మళ్లీ నిజం పూలెందుకు?" అన్నాడతను.

"నీ పూలకి వాసన ఉందా?"

"అది ఒక్కటే తక్కువ. ముక్కు మూసుకుని చూడు, తేడా తెలీదు."

సంబరానికి అడ్డుపడుతున్నది ఒక్కటే, భయం. పోయిన సెప్టెంబరులో సముద్రం ఒడ్డున భోజనాలకి వెళ్లినప్పుడు, ఎనిమిది నెలల ఈనాస్ చేతి మీద తేనెటీగ కుట్టింది. చెయ్యి బన్నులా ఉబ్బింది. ఆసుపత్రికి పరిగెత్తారు. డాక్టరు చూసి, మామూలు వాపేనమ్మా, రెండ్రోజుల్లో తగ్గిపోతుందన్నాడు. తగ్గిపోయింది కూడా. కానీ హనేన్ ఆయన్ని పదకొండు ప్రశ్నలడిగింది, ఆయన తొమ్మిదింటికే జవాబు చెప్పాడు. మిగిలిన రెండూ ఆమె మనసులో ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉన్నాయి.

ఈనాస్‌కి ఇప్పుడు పద్నాలుగు నెలలు. రెండు కాళ్ల మీద నడుస్తోంది, కనపడిందల్లా నోట్లో పెడుతోంది. ఈ వాకిట్లో ఆ పిల్లని వదిలి తను వంటింట్లో నిశ్చింతగా నిలబడగలగాలి, అదీ హనేన్ కోరిక. తోటా కావాలి, పిల్లా క్షేమంగా ఉండాలి. రెండూ ఒకే వాకిట్లో కుదురుతాయా అన్నదే ఆమె బెంగ.

అందుకే నోట్‌బుక్‌లో గళ్లు గీసింది. విషమా? ముళ్లా? తేనెటీగలా? మొదటి గడిలోనే గన్నేరు పోయింది. ఎంత అందమైనా ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. గోడల మీద గంటల్లా వేలాడే ఉమ్మెత్త పోయింది. ముళ్ల గడిలో గులాబీ పోతుంటే మనసు చివుక్కుమంది గాని కొట్టేసింది. ఇక మిగిలింది మూడో గడి. దానికి పుస్తకాల్లో లెక్క దొరకలేదు. సొంతంగా లెక్కపెట్టాల్సిందే.

బుధవారం సెలవు పెట్టి, పిల్లని వీపుకి కట్టుకుని, హమ్మామెత్ రోడ్డు మీద తిజానీ నర్సరీకి వెళ్లింది. గేటు దాటగానే ఎటు చూసినా రంగులే. కాగితం పూల తీగలు గులాబీ రంగులో, నారింజ రంగులో, తెలుపులో. పళ్లెమంత పసుపుపచ్చ మందారాలు. కుండీల్లో చిన్న చిన్న దానిమ్మలు, ఎర్రటి పూమొగ్గలతో. నీలి చిత్రమూలం! అది ఆ రంగులో ఉంటుందని ఆమెకు తెలియదు. ఏ మొక్క ముందు నిలబడితే ఆ మొక్కే కావాలనిపిస్తోంది. మూడు గుంతలేం సరిపోతాయి?

అయినా పట్టుదలగా గడియారం చూసుకుని, మొక్కకి ఐదేసి నిమిషాల చొప్పున నిలబడి లెక్క మొదలుపెట్టింది. కాగితం పూల మీద సున్నా. మందారం మీద రెండు. రోజ్‌మేరీ మీద ముప్ఫై ఒకటి. అడుగు వెనక్కి వేసింది.

తిజానీ ముసలాయన చాలాసేపు చూసి, నీళ్ల గొట్టం కింద పడేసి వచ్చాడు.

"ఏమ్మా, నా మొక్కలకి పరీక్షలు పెడుతున్నావా? ఎన్ని మార్కులొచ్చాయి?"

"తేనెటీగలు లెక్కపెడుతున్నాను, మామా."

"అయ్యో, వాటిని విడిగా అమ్మనమ్మా. మొక్కతో పాటే ఇస్తా, ఉచితం."

"నాకు అవి రాని మొక్క కావాలి."

ఆయన నోరు తెరిచి ఆమెనీ, వీపు మీద కునుకుతున్న పిల్లనీ చూశాడు. "ఈ మల్లెకి ఎంత రాసుకున్నావ్?"

"సున్నా."

"దానికి పూతే రాలేదు తల్లీ, జూన్ దాకా రాదు. పూలు లేని మొక్క మీద ఈగకి ఏం పని?"

హనేన్ నాలిక కరుచుకుని, మల్లె పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

చివర్లో నారింజ మొక్కల వరస. ఒక్కోటి మనిషెత్తు, తెల్లగా పూత మీదుంది. పది అడుగుల దూరం నుంచే వాసన మొహానికి తగిలింది. వాసనతో పాటే మోత. నలభై ఏడు వరకు లెక్కపెట్టి, పిల్ల మొహం మీద శాలువా కప్పి గబగబా గేటు దాటేసింది.

సాయంత్రం అత్తగారు వచ్చింది. మన్నూబియా ఉండేది రెండు సందుల అవతల పెద్దకొడుకు దగ్గర. అక్కడ మేడ మీద వాటా కాబట్టి మట్టి లేదు. ఏటా మార్చి చివర్లో సంతలో నారింజ పూలు కొనుక్కుని, రాగి బట్టీలో పెట్టి పూలనీరు దించుతుంది. కాఫీలో ఆ చుక్కే, కేకులో ఆ చుక్కే, పిల్లకి ఒళ్లు వెచ్చబడితే నుదుటి మీద ఆ తడిగుడ్డే. చిన్నకొడుకు వాకిలున్న ఇల్లు కొన్నాడనగానే ఆమె అడిగింది ఒక్కటే, ఒక నారింజ చెట్టు.

"ఏమే హనేన్, నా చెట్టుని చూసొచ్చావా?"

"చూశాను అత్తయ్యా. కుదరదు."

"కుదరదా! నాబుల్‌లో నారింజ చెట్టు లేని వాకిలా? దానికంటే బస్టాండే నయం, అక్కడైనా రెండున్నాయి."

"నలభై ఏడు తేనెటీగలు, అత్తయ్యా! ఐదు నిమిషాల్లో!"

"లెక్కపెట్టావా?"

"పెట్టింది," అన్నాడు అనీస్ రొట్టె తుంచి నూనెలో అద్దుకుంటూ. "ఇంకా నయం, పేర్లు అడగలేదు."

మన్నూబియా నవ్వలేదు. పిల్లని ఒళ్లోకి లాక్కుని, ఆ చిన్న చెయ్యిని తిప్పి చూసింది. ఉబ్బిన చెయ్యిని ఆ రోజు ఆమె కూడా చూసింది.

"ఏ టైంలో లెక్కపెట్టావు?"

"పన్నెండింటికి. మంచి ఎండలో."

"తిజానీ చెట్ల పూత ఎవరు కోస్తారు?"

"ఎవరూ కొయ్యరు. కొనేవాళ్లకి పూలు కనపడాలిగా."

"అదీ సంగతి," అని మన్నూబియా లేచి శాలువా సర్దుకుంది. "రేపు తెల్లవారేసరికి మా చెల్లెలు జ్బైదా ఇంటికి రా. నీ పుస్తకం తెచ్చుకో. గడియారం కూడా."

గురువారం వెలుగు రాకముందే హనేన్ పిల్లని ఎత్తుకుని వెళ్లింది. జ్బైదా వాకిట్లో పెద్ద నారింజ చెట్టు. కింద నాలుగు దుప్పట్లు పరిచారు. జ్బైదా నిచ్చెన మీదుంది, మన్నూబియా కింది కొమ్మల దగ్గర. మాటలు నడుస్తున్నాయి, వేళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. విచ్చబోతున్న మొగ్గ, అప్పుడే విచ్చిన పువ్వు, రెండూ దుప్పటి మీద వడగళ్లలా రాలుతున్నాయి.

"అంత లేత మొగ్గలు కూడానా?" అంది హనేన్.

"మరి? రేపటిదాకా వదిలేస్తే వాసన సగం గాలి తాగేస్తుంది. బట్టీకి నేనేం పొయ్యను, ఆకులా?" అంది జ్బైదా పైనుంచి. "పూతున్నన్ని రోజులూ, రోజూ పొద్దున్న కోసెయ్యాల్సిందే. మా ఆయన కంటే నేను ముందు లేచేది ఏడాదిలో ఈ నాలుగు వారాలే."

హనేన్ గడియారం చూసింది. ఆరున్నర, సున్నా. ఏడు, సున్నా. ఎండ గోడ దిగింది. ఏడున్నరకి చెట్టు పచ్చగా మిగిలింది. తెలుపంతా దుప్పట్లలో మూటగట్టి లోపలికి పోయింది. ఎనిమిదింటికి మొదటి తేనెటీగ వచ్చింది. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఏమీ దొరక్క గోడ దాటి పక్కింటి రోజ్‌మేరీ మీదికి పోయింది. హనేన్ పుస్తకంలో ఒకటి వేసుకుంది.

ఆమె కొలిచింది నాబుల్ వాకిట్లో ఉండే నారింజ చెట్టుని కాదు. ఎవరూ కొయ్యని చెట్టుని! ఫ్యాక్టరీలో ఇంకొకరు ఇలాంటి నమూనా తెస్తే మొహం మీదే తిప్పి పంపేది. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే నవ్వు, నవ్వు వెనకాలే సంబరం పొంగుకొచ్చాయి. చెట్టు పెట్టుకోవచ్చు! ఆ వాసన తన వాకిట్లో!

ఈలోపు ఈనాస్ దుప్పటి అంచున రాలిన పూరేకొకటి నోట్లో పెట్టుకుంది. హనేన్ ఒక్క గెంతులో వేలు పెట్టి తీసేసింది.

"తిననీవే, మేమంతా తిని పెరిగినవాళ్లమే," అంది జ్బైదా.

"తెలుసు పిన్నీ. ఏం కాదని తెలుసు. అయినా..." అంది హనేన్. ఈనాస్ ఆ చేదుకి మొహం ముడుచుకుని, మళ్లీ రేకు కోసమే చెయ్యి చాపింది. ఆడవాళ్లిద్దరూ పగలబడి నవ్వారు.

తొమ్మిదింటికి హనేన్ చివరి లెక్క రాసింది. మూడు. నిచ్చెనకి అందని చిటారు కొమ్మన మిగిలిన గుత్తి మీద. ఆ మూడింటినీ దాచకుండా రాసింది.

ఇంటికి నడుస్తూ దారి పొడుగునా బేరం సాగింది.

"అత్తయ్యా, చెట్టు నిచ్చెనకి అందేంత ఎత్తే ఉండాలి. దాటితే కత్తిరించెయ్యాలి."

"సరే."

"ఏడున్నరకల్లా కోత అయిపోవాలి. పండగైనా, వానైనా."

"నేను ఏడింటికే చేసేస్తా. ఇంకా?"

"కింది కొమ్మలకి ముళ్లుంటాయి."

"మా వాడికి గోళ్ల కత్తెర ఇవ్వు. పలకల మీద గీతలు గీసే చెయ్యి, ముళ్లు తియ్యలేదా?"

"మధ్యలో వద్దు. మధ్యలో పిల్ల ఆడుకుంటుంది. పడమటి మూలన."

మన్నూబియా ఆగిపోయింది. నాబుల్‌లో నారింజ చెట్టు ఎప్పుడూ నట్టనడుమే ఉంటుంది. ఆమె పుట్టింట్లో అక్కడే ఉండేది, అత్తింట్లోనూ అక్కడే. హనేన్ భుజం మీద నిద్రపోతున్న మనవరాలి వీపు నిమిరింది.

"మూలనైతే ఎండ తక్కువ తగుల్తుంది."

"పొద్దుటి ఎండ అక్కడే ముందు పడుతుంది. కొలిచాను."

"కొలవకుండా ఎట్లా ఉంటావులే," అంది మన్నూబియా. "మూలే కానీ."

మిగతా రెండు గుంతల మాట శుక్రవారం తేలింది. పడగ్గది కిటికీ కింద మల్లె. దాని పక్కన ప్రశ్నార్థకం అలాగే ఉంది, జూన్‌లో కూర్చుని లెక్కపెట్టాల్సిందే. వీధి తలుపుకి ఎదురుగా పసుపుపచ్చ మందారం. నీలి చిత్రమూలానికి గుంత మిగల్లేదు గాని, మేడ మెట్ల మీద కుండీలకి అడ్డెవరు? తిజానీ దగ్గర ఆ కుండీ ఎత్తుకున్నప్పుడు చిన్నపిల్లలా నవ్వింది.

"పరీక్ష పాసయ్యానన్నమాట," అన్నాడాయన నారింజ మొక్క వేళ్లకి గోనె చుడుతూ.

"పరీక్ష తప్పింది నేను, మామా. మీ మొక్క కాదు."

శనివారం బల్గాసిమ్ మేస్త్రీ ఇసుకతో, సిమెంటుతో, సుద్దముక్కతో దిగాడు. అనీస్ పలకలు ఒక్కోటీ తుడిచి వరస పెడుతున్నాడు. మేస్త్రీ అలవాటు కొద్దీ తిన్నగా వాకిలి నడుమకి వెళ్లి గీత గీయడానికి వంగాడు.

"అక్కడ కాదు," అంది హనేన్. ఈనాస్‌ని చంకనేసుకుని గబగబా పడమటి మూలకి నడిచి, కాళ్లు రెండూ ఎడం చేసి నిలబడింది. "ఇదిగో, ఇక్కడ."

"మూలనా? నారింజనా?" మేస్త్రీ మన్నూబియా వైపు చూశాడు. ఇలాంటి విషయాల్లో ఊళ్లో పెద్దవాళ్లదే మాట.

"అక్కడే గియ్యి బల్గాసిమ్. నేను కూడా కొలిచాను," అంది మన్నూబియా. ఆమె ఏనాడూ ఏదీ కొలవలేదని అందరికీ తెలుసు.

మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చుని, హనేన్ పాదాల చుట్టూ చదరం గీశాడు. సుద్దగీత నాలుగు వైపులా కలిసింది. హనేన్ అందులోనే నిలబడి, చిటారు కొమ్మ ఎక్కడిదాకా రావచ్చో చెయ్యెత్తి కూతురికి చూపిస్తోంది.

"జరగవే ఇక," అంది మన్నూబియా, గోనె చుట్టిన మొక్కని రెండు చేతులా పొదివి పట్టుకుని. "నా చెట్టు చోట్లో నిలబడ్డావ్."